గంటా పదిహేను నిమిషాల దూరంలో వైజాగ్

శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఫ్లోర్‌లో ఫోన్ల వైపు ఓ చూపు చూస్తే చాలు, ఎవరిది ఏ ఊరో చెప్పేయొచ్చు. బస్సు యాప్‌లో స్లీపర్ బెర్తులు వెతుకుతున్నవాళ్లది గుంటూరు, ఒంగోలు వైపు. "ఆరింటికి కూకట్‌పల్లిలో బయల్దేరుతున్నాం, ఇద్దరికి చోటుంది" అని వాట్సాప్ గ్రూపుల్లో మెసేజులు చూసుకునేవాళ్లది వరంగల్, ఖమ్మం. ఫ్లైట్ రేటు చూసి, యాప్ మూసేసి, రెండు నిమిషాలాగి మళ్లీ తెరిచి, అదే రేటు చూసి నిట్టూర్చేవాళ్లు మాత్రం మా వైజాగ్ బ్యాచ్.

మేమేదో బాగా డబ్బున్నోళ్లం అని కాదు. మాకు వేరే దారి లేదు, అంతే. హైదరాబాద్ నుంచి విశాఖకి రోడ్డు మీద 600 కిలోమీటర్ల పైనే. బస్సెక్కితే పది పన్నెండు గంటలు. వందే భారత్ ఉంది కదా అంటారు. 2023 సంక్రాంతికి, జనవరి 15న మొదలైంది. ఎనిమిదిన్నర గంటల్లో దింపేస్తుంది. మంచి రైలే, నేనూ ఎక్కాను. కానీ సికింద్రాబాద్‌లో అది కదిలేది మధ్యాహ్నం మూడు గంటలకి. శుక్రవారం మూడింటికి రైల్లో కూర్చోవాలంటే రాయదుర్గంలో ఒంటిగంటకే బ్యాగు సర్దాలి. ఆ టైములో మా మేనేజరు "క్విక్ కాల్" అంటారు. ఆ కాల్ ఎప్పుడు ముగుస్తుందో ఆయనకీ తెలీదు.

ఇక రాత్రి రైళ్లు. గోదావరి, గరీబ్‌రథ్, దురంతో, విశాఖ... పేర్లు చాలానే ఉన్నాయి, బెర్తులే ఉండవు. 2024 నవంబరు 1 నుంచి రైల్వే అడ్వాన్స్ బుకింగ్‌ని 120 రోజుల నుంచి 60 రోజులకి తగ్గించింది. పండగ రైళ్లకైతే అరవయ్యో రోజు పొద్దున్న ఎనిమిదింటికి ఫోన్ పట్టుకుని కూర్చోవాలి. ఎనిమిదీ అయిదుకల్లా వెయిటింగ్ లిస్టు. మామూలు శుక్రవారాలదీ దాదాపు అదే పరిస్థితి. రెండు నెలల తర్వాత వచ్చే శుక్రవారం నాకు సెలవు దొరుకుతుందో లేదో ఇప్పుడే ఎలా తెలుస్తుంది? ప్రొడక్షన్‌లో ఏ సర్వీసు ఎప్పుడు పడిపోతుందో చెప్పగలిగితే అదీ చెప్పేదాన్ని.

అలా చివరికి అందరం విమానం దగ్గరికే వస్తాం. టికెట్ మీద గంటా పదిహేను నిమిషాలని రాసి ఉంటుంది. ఆ అంకె చూసి మోసపోకండి. ఓ శుక్రవారం నా టైమింగులు రాసిపెట్టుకున్నాను. రాయదుర్గంలో క్యాబ్ ఎక్కింది 5:10. గచ్చిబౌలి దాటి ఔటర్ ఎక్కేసరికే 5:50. ఔటర్ ఎక్కాక ఇబ్బంది లేదు, శంషాబాద్‌లో దిగింది 6:25. బ్యాగు ఇచ్చి, సెక్యూరిటీ దాటి, గేటు దగ్గర కూర్చునేసరికి 7:15. ఫ్లైటు 8:20. విశాఖలో బయటికొచ్చింది 9:55. గోపాలపట్నంలో మా ఇంటి గేటు తీసింది 10:10. మొత్తం అయిదు గంటలు. గాల్లో ఉన్నది మహా అయితే ఒక గంట. మిగతా నాలుగు గంటలూ నేల మీదే గడిచాయి.

ఆ నాలుగు గంటల గురించి మన కారిడార్‌లో ఎవరూ పెద్దగా మాట్లాడరు. శంషాబాద్ ఎయిర్‌పోర్టు 2008 మార్చిలో తెరిచారు. అంతకుముందు బేగంపేట. సీనియర్లు "బేగంపేట అయితే ఆటోలో వెళ్లిపోయేవాళ్లం" అని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎయిర్‌పోర్టు ముందొచ్చింది, దారి తర్వాతొచ్చింది. గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా ఔటర్ అదే ఏడాది నవంబరులో, మెహిదీపట్నం వైపు నుంచి పీవీ ఎక్స్‌ప్రెస్‌వే 2009 అక్టోబరులో తెరిచారు. మెట్రో అయితే ఇంకా రాలేదు. 2022 డిసెంబరు 9న రాయదుర్గం నుంచి ఎయిర్‌పోర్టుకి 31 కిలోమీటర్ల మెట్రోకి శంకుస్థాపన జరిగింది. అప్పుడు మా క్యాంటీన్‌లో స్వీట్లు పంచుకున్నంత పని చేశాం. ఏడాది తిరిగేసరికి కొత్త ప్రభుత్వం వచ్చి, ఆ రూటు వద్దు, ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట మీదుగా వేద్దాం అంది. పాతబస్తీ వైపు జనం ఎక్కువ, క్యాబ్‌కి ఇచ్చే స్తోమత తక్కువ. న్యాయంగా ఆలోచిస్తే ఆ నిర్ణయంలో తప్పు పట్టలేను. కానీ శుక్రవారం అయిదింటికి గచ్చిబౌలి జంక్షన్‌లో కూర్చున్నప్పుడు అంత న్యాయంగా ఆలోచించడం కష్టం. నాలాగా రూపాయి లెక్క చూసుకునేవాళ్లకి పుష్పక్ బస్సు ఉంది. సూట్‌కేసు పెట్టుకోడానికి జాగా ఉంటుంది, క్యాబ్‌లా "రైడ్ క్యాన్సిల్డ్" అనదు.

ఇంతకీ నేను రాద్దామనుకున్నది రేట్ల గురించి.

మా అమ్మకి ఫ్లైట్ రేట్లు టమాటా రేట్ల కింద లెక్క. ఫోన్ ఎత్తగానే "ఈ వారం వస్తన్నావేటే?" అని అడుగుతుంది, నేను నోరు తెరిచేలోపే "టికెట్టెంతుంది?" అంటుంది. ఆరువేలు అంటే "వొద్దులే, వచ్చే వారం చూద్దాం" అని తనే బేరం వదిలేస్తుంది. మూడువేలు దాటకపోతేనే రమ్మంటుంది. ఇలా రెండేళ్లు చూశాక నాకో సంగతి అర్థమైంది. నేను ఇంటికి ఎప్పుడెళ్లాలో మా అమ్మా, నేనూ, నా సెలవులూ నిర్ణయించట్లేదు. ఎక్కడో ఓ సర్వర్‌లో నడుస్తున్న ప్రోగ్రామ్ నిర్ణయిస్తోంది.

ఆ ప్రోగ్రామ్ సంగతి ఓ రాత్రి బాగా తెలిసొచ్చింది.

రెండేళ్ల కిందట, వానాకాలం. రాత్రి పదీ యాభై. పక్కింటి పిన్ని ఫోన్ చేసింది. పిన్ని మామూలుగా నాకు ఫోన్ చెయ్యదు. "మీ నాన్నకి ఛాతీలో నొప్పన్నారమ్మా, హాస్పిటల్‌కి తీసుకెళ్తన్నాం. అమ్మ ఆయన పక్కనుంది. నువ్వు కంగారు పడకు" అంది. కంగారు పడకు అనడానికి అర్ధరాత్రి ఫోన్ చేస్తే మనిషి ఇంకేం చేస్తుంది? యాప్ తెరిచాను. ఆ రోజుకి ఆఖరి విమానం వెళ్లిపోయింది. రాత్రి రైళ్లన్నీ సికింద్రాబాద్ దాటేశాయి. కారులో బయల్దేరినా మర్నాడు పదింటికి ముందు చేరే దారి లేదు. పొద్దున్న మొదటి ఫ్లైట్‌లో సీట్లున్నాయి. 11,460 రూపాయలు. ముందు వారమే అదే ఫ్లైటుకి 3,100 ఇచ్చి వెళ్లొచ్చాను.

ఆ రాత్రి రేటు చూసి నేను ఆగలేదు. ఎవరాగుతారు? మూడింటికి రూమ్మేట్ క్యాబ్ బుక్ చేసి నాతోపాటు శంషాబాద్ దాకా వచ్చింది. గేటు దగ్గర నా చుట్టూ అందరూ ఇస్త్రీ చొక్కాలు, మెడలో ఐడీ ట్యాగులు, ఒళ్లో లాప్‌టాప్‌లు. కంపెనీ ఖర్చు మీద మీటింగులకి వెళ్లేవాళ్లు. ఆ ఫ్లైట్‌లో అంత రేటు ఎందుకుందో నాకు అక్కడ అర్థమైంది. నేను వెళ్లేసరికి నాన్నకి స్టెంట్ వేసేశారు. ఐసీయూలో నన్ను చూసి ఆయనన్న మొదటి మాట, "సెలవు పెట్టావా, చెప్పకుండా వచ్చేశావా?" పోర్టులో ముప్ఫై నాలుగేళ్లు డ్యూటీ చేసిన మనిషి మరి. రెండో మాట, "టికెట్టెంతయింది?" నేను మూడువేలని చెప్పాను.

ఈ రేట్ల వెనక ఉన్న లెక్క చాలా పాతది. 1972లో బ్రిటిష్ ఓవర్సీస్ ఎయిర్‌వేస్‌లో పనిచేసే కెన్ లిటిల్‌వుడ్ అనే ఆయన ఓ సూత్రం రాశాడు. చిన్న సూత్రమే. ఈ రోజు ఒకాయన వచ్చి మూడువేలకి సీటు ఇమ్మంటున్నాడు. ఆఖరి నిమిషంలో తొమ్మిదివేలు ఇచ్చేవాడు ఒకడు రావచ్చు, రాకపోవచ్చు. సీటు ఇప్పుడు అమ్మేయాలా, దాచిపెట్టాలా? తొమ్మిదివేలవాడు వచ్చే అవకాశం మూడింట ఒక వంతుకి మించి ఉంటే దాచిపెట్టు. లేదంటే అమ్మేయ్. ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో మనం చదివి మర్చిపోయిన ప్రాబబిలిటీనే ఇది. 1978లో అమెరికాలో విమాన చార్జీల మీద ప్రభుత్వ నియంత్రణ ఎత్తేశాక అక్కడి కంపెనీలు దీన్ని కంప్యూటర్లకి ఎక్కించి పెద్ద యంత్రాంగంగా మార్చేశాయి. మన దేశంలోనూ 1994 తర్వాత ప్రైవేటు విమానాలొచ్చాక అదే దారి.

180 సీట్లున్న విమానంలో 180 సీట్లకీ ఒకే రేటు ఉండదు. సీట్లని బుట్టలుగా విడగొడతారు. మొదటి బుట్టలో కొన్ని సీట్లు చవగ్గా, తర్వాతి బుట్టలో ఇంకాస్త ఎక్కువకి, అలా పైకి. ఒక బుట్ట ఖాళీ అయితే తర్వాతి బుట్ట తెరుస్తారు. రోజులు దగ్గరపడేకొద్దీ అమ్ముడుపోయిన వేగాన్ని బట్టి ప్రోగ్రామ్ బుట్టల సైజులు మారుస్తూ ఉంటుంది. నిజానికి మా బ్యాకెండ్ వాళ్లం రోజూ రాసే కోడ్ కంటే ఇదేమీ గొప్ప మాయ కాదు.

దీనివల్ల మీకు పనికొచ్చే సంగతి ఒకటుంది. మీ ఇంట్లో నలుగురికి కలిపి ఒకేసారి వెతికారనుకోండి. 3,200 బుట్టలో రెండే సీట్లు మిగిలి, తర్వాతి బుట్ట 4,100 అయితే, చాలాసార్లు సిస్టమ్ నలుగురికీ 4,100 చూపిస్తుంది. ఇద్దరేసి చొప్పున విడిగా తీసుకుంటే 1,800 మిగులుతాయి. కాకపోతే పీఎన్‌ఆర్‌లు వేరవుతాయి కాబట్టి ఫ్లైట్ రద్దయితే ఇద్దరు ఓ విమానంలో, మిగతా ఇద్దరు ఇంకో విమానంలో పడే ప్రమాదం ఉంది. పెద్దవాళ్లు ఉంటే ఆ 1,800 కోసం కక్కుర్తి పడకండి.

ఇన్‌కాగ్నిటోలో వెతికితే చవక అనే వాట్సాప్ జ్ఞానం మా టీమ్‌లో కూడా ఉంది, ఇంజినీర్లయి ఉండీ. "రెండోసారి చూశా, నాలుగొందలు పెంచేశాడు, కుకీలు చూస్తున్నాడు" అంటారు. చాలాసార్లు జరిగేది వేరు. ఒక్కో సెర్చ్‌కీ ఎయిర్‌లైన్ సర్వర్‌ని అడిగితే సర్వర్ పడుకుంటుంది. అందుకని టికెట్ సైట్లు కాసేపటి కిందటి రేటుని దాచుకుని అదే చూపిస్తాయి. మీరు "బుక్" నొక్కినప్పుడు అసలు రేటు అడుగుతాయి. ఈలోపు ఆ బుట్ట ఖాళీ అయి ఉంటుంది. మీ మీద ఎవరూ కన్నేయలేదు. మీలాంటివాళ్లు అదే శుక్రవారం అదే ఫ్లైట్ కోసం ఓ రెండొందల మంది వెతుకుతున్నారు, వాళ్లలో సగం మంది మైండ్‌స్పేస్‌లోనే ఉన్నారు.

ఇదంతా వ్యాపారం, అర్థం చేసుకోగలను. ముందే కొన్నవాడికి చవగ్గా దొరకడానికి కారణం చివర్లో కొన్నవాడు ఎక్కువ ఇవ్వడమే. నా 3,100 టికెట్లన్నీ ఎవరో మేనేజర్ల పుణ్యమే. నాకు పేచీ ఉన్నది ఆ సూత్రం మనుషుల గురించి పెట్టుకున్న నమ్మకంతో. ఆఖరి నిమిషంలో కొనేవాడు మీటింగుకి వెళ్తున్నాడు, డబ్బులు వాడివి కావు, ఎంతైనా ఇస్తాడు. ఇదీ దాని లెక్క. రాత్రి పదకొండింటికి మర్నాటి మొదటి ఫ్లైట్ వెతికేవాళ్లలో ఇంకో రకం కూడా ఉంటారు. వాళ్లూ ఎంతైనా ఇస్తారు, డబ్బులు మాత్రం వాళ్లవే. వలస వచ్చి బతికే ఏ నగరంలోనైనా ఈ రెండో రకం తక్కువేం ఉండరు. కెనడా, అమెరికా ఎయిర్‌లైన్స్ కొన్ని దగ్గరివాళ్లు పోయినప్పుడు రేటు తగ్గిస్తాయి. ఆస్పత్రి కాగితం చూపిస్తే మధ్య బుట్టలోంచి ఓ సీటు ఇవ్వడం సాఫ్ట్‌వేర్‌లో కష్టమైన ఫీచరేం కాదు, ఒక స్ప్రింట్ పని. దొంగ కాగితాలు పెడతారంటారు. పెడతారు, మన సంగతి నాకు తెలీదా? తర్వాత చెక్ చేసి, అబద్ధమైతే తేడా డబ్బు కార్డులోంచి కోసుకోండి.

ప్రభుత్వం రేట్లకి పగ్గం వెయ్యలేదని కాదు. కరోనా తర్వాత 2020 మే 25న విమానాలు మళ్లీ ఎగిరినప్పుడు ప్రయాణ సమయాన్ని బట్టి ఏడు స్లాబులు పెట్టి కనిష్ఠ, గరిష్ఠ రేట్లు కట్టారు. అది 2022 ఆగస్టు 31 దాకా నడిచింది. మళ్లీ 2025 డిసెంబరు మొదటి వారంలో, పైలట్ల విశ్రాంతి గంటల కొత్త నిబంధనలకి తగ్గట్టు సిబ్బందిని సర్దుకోలేక ఇండిగో విమానాలు వేల సంఖ్యలో రద్దయి, మిగిలిన సీట్ల రేట్లు ఆకాశానికి పోయినప్పుడు కొన్నాళ్లు పరిమితి పెట్టారు. 500 కిలోమీటర్ల లోపు 7,500. 500 నుంచి 1,000 దాకా 12,000. ఉత్సుకత కొద్దీ రెండు ఎయిర్‌పోర్టుల అక్షాంశ రేఖాంశాలు తీసుకుని నాలుగు లైన్ల కోడ్ రాసి చూశాను. శంషాబాద్ నుంచి విశాఖకి సరళరేఖలో దాదాపు 510 కిలోమీటర్లు వచ్చింది. గీత దాటింది పది కిలోమీటర్లు, తేడా నాలుగున్నర వేలు. మా వైజాగ్ వాళ్ల జాతకమే అంత.

ఉడాన్ పథకం కింద గంట ప్రయాణానికి 2,500 అని విన్నాం కదా అని మా కజిన్ అడిగాడు. 2017 ఏప్రిల్ 27న ఆ పథకం మొదలైన రోజు కడప–హైదరాబాద్ విమానం కూడా జెండా ఊపించుకుంది. కానీ అది విమానాలు సరిగా రాని చిన్న ఊళ్ల కోసం పెట్టింది. విశాఖ లాంటి నిండుగా నడిచే రూటుకి వర్తించదు. ఇక పోటీ వల్ల రేట్లు తగ్గాలంటే పోటీ ఉండాలి కదా. కింగ్‌ఫిషర్ 2012లో ఆగిపోయింది. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో, గో ఫస్ట్ 2023 మేలో ఆగిపోయాయి. విస్తారా 2024 నవంబరులో ఎయిరిండియాలో కలిసిపోయింది. ఇప్పుడు దేశంలో ఎగిరే ప్రతి అయిదుగురిలో ముగ్గురికి పైగా ఒకే కంపెనీ విమానంలో ఎగురుతున్నారు.

సరే, రేటు కట్టేశాం. విమానం రాకపోతే? కిందటేడు ఓ ఎయిర్‌లైన్‌లో (పేరెందుకులెండి) రాత్రి ఎనిమిదింటి ఫ్లైట్‌ని తొమ్మిదీ, పదీ, పదకొండూ అంటూ గంటకోసారి జరిపారు. గేటు దగ్గర ఓ పెద్దావిడ షుగర్ మాత్ర వేసుకుని తిండి కోసం చూస్తోంది. కౌంటర్‌లో అమ్మాయి "మేడమ్, కాసేపట్లో" అంటోంది. నేను ఫోన్‌లో డీజీసీఏ నిబంధన తెరిచి చూపించాను. రెండున్నర గంటల లోపు ప్రయాణమైతే, రెండు గంటలకు మించి ఆలస్యమైనప్పుడు తిండీ నీళ్లూ ఇవ్వాలి. పావుగంటలో శాండ్‌విచ్‌ల ట్రాలీ వచ్చింది. ఆలస్యం ఆరు గంటలు దాటేట్టుంటే వేరే విమానమో పూర్తి డబ్బు వాపసో, మనం అడిగింది ఇవ్వాలి. ముందు చెప్పకుండా రద్దు చేస్తే, మన రూటు లాంటి ఒకటి రెండు గంటల ప్రయాణానికి 7,500 గానీ, బేసిక్ చార్జీ, ఇంధన చార్జీ కలిపి ఎంతో అది గానీ, ఏది తక్కువైతే అది పరిహారం. తుపాను, భద్రతా కారణాల లాంటివాటికి మాత్రం పరిహారం వర్తించదు. ఈ రూలు పేజీని స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌లో పెట్టుకోండి. అరవక్కర్లేదు, చూపిస్తే చాలు.

తిరుగు ప్రయాణంలో సమస్య వేరు. వెళ్లేటప్పుడు నా బ్యాగు ఆరు కిలోలు. వచ్చేటప్పుడు అమ్మ సర్దుతుంది కాబట్టి సరిగ్గా ఇరవై రెండు. ఏడు చేతిలో, పదిహేను చెక్-ఇన్‌లో. కాటా మీద పదిహేనుకి రెండొందల గ్రాములు కూడా అటూ ఇటూ ఉండదు, ఆవిడ చేతి లెక్క అలాంటిది. ఆవకాయ సీసా చెక్-ఇన్‌లోనే పెట్టాలి, క్యాబిన్‌లో ఆపేస్తారు. మాడుగుల హల్వా చేతి బ్యాగులో వెళ్తుంది. ఎండుకొబ్బరి మాత్రం ఎక్కడా పెట్టనివ్వరు. అందులో నూనె ఎక్కువ, దానంతటది వేడెక్కి అంటుకోగల సరుకని విమానాల వాళ్ల లెక్క. దేవుడికి కొట్టిన కొబ్బరి చిప్పలు ఎండబెట్టి పంపిస్తే ఎక్స్‌రే దగ్గర తీసేశారని చెప్పినప్పుడు అమ్మ వారం రోజులు బాధపడింది. ఎండు చేపలు పట్టుకొచ్చే మా టీమ్ లీడ్ కథ ఇంకో వారం చెప్తాను, దానికి విడిగా కాలమ్ కావాలి.

వైజాగ్‌లో దిగేటప్పుడు కిటికీలోంచి కనిపించే దృశ్యం దేశంలో ఏ ఊరికీ లేదని నా పక్షపాతం. ఓ పక్క సముద్రం, కొండలు, హార్బర్‌లో ఓడలు. అది ఫోటో తీయొద్దని మాత్రం అనౌన్స్ చేస్తారు. ఎందుకంటే ఆ రన్‌వే మనది కాదు, నేవీది. ఐఎన్ఎస్ డేగా. పౌర విమానాలకి అక్కడ ఓ టెర్మినల్ ఉంది, అంతే. నేవీ అవసరాలు ముందు, మన విమానాల వేళలు తర్వాత. 2023 చివర్లో రన్‌వే మీద కొత్త పొర వేసే పని మొదలైనప్పుడు కొన్ని నెలలు రాత్రి విమానాలు లేవు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు టెర్మినల్ పైకప్పు చీలికలైంది. నేనప్పుడు స్కూల్లో ఉన్నాను. నాలుగైదు రోజుల తర్వాత మొదటి విమానం మా డాబా మీదుగా వెళ్తే వీధి వీధంతా బయటికొచ్చి చూసింది.

ఆ డాబా మీదుగా ఇక విమానాలు వెళ్లవు. భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరుతో కొత్త అంతర్జాతీయ విమానాశ్రయం దాదాపు సిద్ధమైంది. 2019 ఫిబ్రవరిలో ఓ ముఖ్యమంత్రి, 2023 మేలో ఇంకో ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. 3,800 మీటర్ల రన్‌వే. 2026లో విమానాలు మొదలుపెట్టాలన్నది లక్ష్యం, పౌర విమానాలన్నీ అటు మారతాయన్నది ప్రణాళిక. నేవీతో పంచుకోనక్కర్లేదు కాబట్టి అర్ధరాత్రి ఫ్లైట్లు కూడా నడపొచ్చు. నా దృష్టిలో దాని అసలు లాభం అదే, దుబాయ్, సింగపూర్ల కంటే. ఆ రాత్రి పదకొండున్నరకి ఓ విమానం ఉండి ఉంటే నాన్నని ఆపరేషన్‌కి తీసుకెళ్లే ముందు చూసేదాన్ని. శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకైతే ఎయిర్‌పోర్టు ఇంటి ముందుకొచ్చినట్టే. మా టీమ్‌లో టెక్కలి అబ్బాయి ఇప్పట్నుంచే మమ్మల్ని ఏడిపిస్తున్నాడు.

మాకు మాత్రం పెరుగుతుంది. నగరం నుంచి సుమారు 45 కిలోమీటర్లు, గోపాలపట్నం, గాజువాక నుంచి ఇంకా ఎక్కువ. శంషాబాద్ కథలాగే ఇక్కడా ఎయిర్‌పోర్టు ముందు, దారి తర్వాత అవుతుందేమోనని నా భయం. హైవే ఉంది, కానీ ఆనందపురం దాకా చేరడానికే సిటీ అంతా దాటాలి. ఇటు ముప్ఫై అయిదు, అటు యాభై, మధ్యలో గంటా పదిహేను నిమిషాల విమానం. అప్పుడు నా అయిదు గంటలు ఆరున్నర అవుతాయి. వందే భారత్‌కి ఎనిమిదిన్నర. తేడా రెండు గంటలకి తగ్గిపోయాక, మూడింటికి బయల్దేరే ఆ రైలుని సాయంత్రం ఆరుకి మార్చే బుద్ధి రైల్వేకి పుడితే మా వైజాగ్ బ్యాచ్‌లో సగం మంది విమానం మానేస్తారు.

నాన్న సంగతి వేరు. ఇన్నాళ్లూ ఎన్ని గంటలకి దిగినా ఆయనే స్కూటర్ మీద వచ్చి, పార్కింగ్ టికెట్ తీసుకోకుండా గేటు బయటే నించునేవారు. ఇంటికి పది నిమిషాలు. స్టెంట్ వేశాక కూడా మానలేదు, బ్యాగు మాత్రం నన్నే పట్టుకోమంటున్నారు. భోగాపురం మొదలైతే నువ్వు రావద్దు, నేను క్యాబ్‌లో వచ్చేస్తానని మొన్న సంక్రాంతికి చెప్పాను. సరేనన్నారు. వారం తర్వాత అమ్మ ఫోన్‌లో చెప్పింది, ద్వారకా బస్ స్టేషన్‌కి వెళ్లి భోగాపురానికి ఆఖరి బస్సెన్నింటికో అడిగొచ్చారట.